బండల బిల్లు కోడ్‌లోంచి మాటలు ఏరడం: ప్రాజెక్టు డైరీ

మే 4

మామకు ఎర్రగుంట్ల రోడ్డులో బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. అక్కడి బిల్లులన్నీ పద్నాలుగేళ్లుగా ఒకే ప్రోగ్రాం మీద నడుస్తున్నాయి. అది మా అన్న ఎంసీఏ చదివే రోజుల్లో సీ భాషలో రాసింది. అన్న ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు. ఆ కోడ్ ఊసెత్తితే చాలు, ‘అక్కడ ఎండలెట్లున్నాయి’ అని మాట మారుస్తాడు. నేను కాలేజీలో పాఠాలు చెబుతాను, ఇప్పుడు సెలవులు కాబట్టి పని నా నెత్తిన పడింది.

జరిగింది ఇది. బండలు కొనడానికి వచ్చిన మేస్త్రీ ఒకాయన బిల్లు చూసి, ‘వేస్టేజి ఎట్ల లెక్కేసినారు’ అని అడిగాడు. గుమాస్తా తాత ‘ఆ కంప్యూటరే వేస్తాది’ అన్నాడట. మామకు తల కొట్టేసినట్టయింది. ‘బిల్లులో వచ్చే ప్రతి మాటకూ అర్థమేంది, దాన్ని ఎట్ల లెక్కేస్తాది, అంతా ఒక పుస్తకం మాదిరి అచ్చేసి ఇయ్యి పాపా, కౌంటర్ కాడ పెట్టుకుంటాం’ అన్నాడు.

కూర్చుని టైపు చేస్తే ఒక రోజు పని. కానీ ఆ పుస్తకం ఎన్నాళ్లు నిజం చెబుతుంది? రేపు లెక్క మారుస్తాం, కోడ్ మారుతుంది, పుస్తకం మాత్రం పాత మాటే చెబుతూ కౌంటర్ మీద కూర్చుంటుంది. అందుకే నిర్వచనాలు కోడ్ పక్కనే, కామెంట్లలోనే, అంటే కోడ్ మధ్యలో కంప్యూటర్ పట్టించుకోని, మనుషుల కోసం రాసే వివరణల్లోనే ఉండాలని అనుకున్నాను. అన్న కామెంట్లు బాగానే రాశాడు, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో. వాటిని తెలుగు లిపిలోకి తెచ్చి, ముందు ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తున్న వాటిని మాత్రం ఏరి పుస్తకం కట్టే చిన్న ప్రోగ్రాం ఒకటి రాస్తే సరిపోతుంది.

లెక్క చూశాను: 37 ఫైళ్లు, 11,400 లైన్ల పైచిలుకు.

మే 5

ఉన్న పనిముట్లతో అవుతుందేమో ముందు చూడాలి కదా. కోడ్ చదివి దాని వివరాలు పేజీలుగా కట్టే, 1997 నుంచీ ఉన్న డాక్సీజెన్‌ను ఈ కోడ్ మీద తోలాను. ప్రతి ఫంక్షన్, ప్రతి ఫైలు, ఎవరు ఎవరిని పిలుస్తున్నారు, అన్నీ చూపించింది. ప్రోగ్రామర్‌కు బంగారమే, కానీ తాతకు అందులో ఒక్క పేజీ కూడా పనికిరాదు. సీట్యాగ్స్ అనే ఇంకో పనిముట్టు అయితే ఏ పేరు ఏ లైనులో పుట్టిందో చెబుతుంది. నాకు కావలసింది పేరు కాదు, అర్థం.

కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ 1984లో ప్రచురించిన లిటరేట్ ప్రోగ్రామింగ్ పద్ధతి నాకు ఇష్టం. వివరణ, కోడ్ ఒకే ఫైలులో మనిషి చదివే వరుసలో రాస్తాం. ఒక పనిముట్టు అందులోంచి కంపైలర్‌కు (కోడ్‌ను కంప్యూటర్ నడిపే రూపంలోకి మార్చే ప్రోగ్రాంకు) కావలసింది తీస్తుంది, ఇంకోటి అచ్చుకు కావలసింది తీస్తుంది. అయితే అది మొదటి రోజు నుంచే అలా రాసుకున్నవాళ్లకు. పద్నాలుగేళ్ల కోడ్‌ను ఇప్పుడు ఆ వరుసలోకి తిప్పి రాస్తే మామ ఫ్యాక్టరీ మూసుకోవాల్సిందే.

గుర్తుగా @@ తీసుకున్నాను. మొదట ‘నిర్వచనం’ అన్న మాటే పెడదామనుకున్నా గానీ, మామూలు కామెంటులో కూడా ఆ మాట రావచ్చు. @@ అట్లా పొరపాటున వచ్చే జంట కాదు. రూలు ఇంతే: కామెంటు తెరవగానే మొట్టమొదట @@ ఉండాలి, తర్వాత మాట, ఒక కోలన్, ఆపైన కామెంటు అయిపోయేదాకా అర్థం. ఒక కామెంటుకు ఒకే నిర్వచనం. సీలో కామెంటు రెండు రకాలు: /* నుంచి */ దాకా ఒకటి, // నుంచి ఆ లైను చివరిదాకా ఇంకోటి. వరుసగా వచ్చే // లైన్లన్నీ కలిసి ఒకే కామెంటు కింద లెక్క.

మే 6

పరీక్షకు ఆరు కామెంట్లకు గుర్తు పెట్టాను. పైథాన్‌లో పన్నెండు లైన్లు: /* తో మొదలై */ తో ముగిసే ముక్కలన్నీ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల వరుసను వెతికే నమూనాతో) పట్టు, @@ తో మొదలైనవి ఉంచు, మిగతావి పారెయ్. నడిపితే ఐదే వచ్చాయి.

రానిది ఏది? వేస్టేజి. ఏ మాట కోసం ఈ తతంగమంతా మొదలైందో అదే.

గంటసేపు వెతికాను. ఆ ఫైలులో ఆ కామెంటుకు 212 లైన్ల పైన, పాత బిల్లుల ఫైళ్లు తెరిచే చోట ఒక స్ట్రింగ్, అంటే కోట్ల మధ్య పెట్టిన రాత ఉంది: "బిల్లులు/*.డాట్". కోడ్‌లో ఉన్నది ఇంగ్లీషు అక్షరాల్లోనే అనుకోండి. ఆ ఫోల్డర్‌లోని డాట్ ఫైళ్లన్నీ ఇవ్వమని దాని అర్థం. నా ప్రోగ్రాంకు అందులో కనిపించింది స్లాషు, పక్కన నక్షత్రం. కామెంటు మొదలైందనుకుంది. అక్కడి నుంచి 212 లైన్ల కోడ్‌ను మింగుతూ పోయి, వేస్టేజి కామెంటు చివరి */ దగ్గర ‘హమ్మయ్య, అయిపోయింది’ అని ఆగింది. అంత పెద్ద ‘కామెంటు’ @@ తో మొదలవలేదు కాబట్టి మొత్తం ఎత్తి పారేసింది.

చెత్త ఎక్కువగా వస్తే కంటికి కనిపిస్తుంది. రావలసింది రాకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆరే పెట్టాను కాబట్టి లెక్కపెట్టుకున్నాను. అరవై పెట్టి ఉంటే?

మే 7

పొద్దున తెలివి చూపించాను: ముందు స్ట్రింగ్‌లన్నీ తీసేద్దాం, తర్వాత కామెంట్లు వెతుకుదాం. ఇంకా అన్యాయమైపోయింది. అన్న ఒక కామెంటులో ఇంగ్లీషులో ‘డోంట్ టచ్’ అని రాశాడు. అందులో ఒంటి కోట్ ఒకటుంది కదా, దాన్ని పట్టుకుని తర్వాతి ఒంటి కోట్ దాకా అంతా ‘క్యారెక్టర్’ (సీలో ఒంటి కోట్ల మధ్య రాసే ఒక్క గుర్తు) అనుకుని తీసేసింది. నిజంగానే అక్కడ టచ్ చేయకుండా ఉండాల్సింది.

ముందు కామెంట్లు తీస్తే స్ట్రింగ్‌లు ముంచుతాయి, ముందు స్ట్రింగ్‌లు తీస్తే కామెంట్లు ముంచుతాయి. రెండింటిలో ఏది ముందు అన్న ప్రశ్నే తప్పు. ఫైలును మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారే, ఒక్కో గుర్తు చదువుకుంటూ పోవాలి. ప్రతి గుర్తు దగ్గరా తెలియాల్సింది ఒకటే: నేనిప్పుడు ఎక్కడున్నాను?

సంతలో ఇచ్చిన క్యాలెండర్ వెనకవైపు గీశాను. ఐదు స్థితులు: కోడ్, /* కామెంటు, // కామెంటు, డబుల్ కోట్ స్ట్రింగ్, ఒంటి కోట్ క్యారెక్టర్. కోడ్‌లో ఉన్నప్పుడు స్లాషు పక్కన నక్షత్రం కనిపిస్తే కామెంటులోకి వెళ్తాం. స్ట్రింగ్‌లో ఉన్నప్పుడు అదే జంట కనిపిస్తే పట్టించుకోం. కామెంటులో కోట్ కనిపించినా అంతే. కోడ్ తప్ప మిగతా ఒక్కో స్థితిలో బయటికి దారి ఒక్కటే, దానికోసం మాత్రమే చూడాలి. గేటు దగ్గర వాచ్‌మన్‌కు లోపలి లెక్కలు తెలియక్కర్లేదు, ఎవరు లోపలున్నారు ఎవరు బయటున్నారు అన్నది తెలిస్తే చాలు. ఇట్లా ఒక్కో గుర్తూ చదువుకుంటూ పోయే ప్రోగ్రాంను స్కానర్ అంటారు, దాని పని కూడా అంతే. సీ భాష అర్థం చేసుకోవాలని చూస్తే నెల పడుతుంది, అది మనకు అవసరం లేదు.

పిల్లలకు క్లాసులో చెప్పే ఫైనైట్ స్టేట్ మెషీనే ఇది. ఏటా బోర్డు మీద గుండ్రాలు గీసి, బాణాలు వేసి, పది మార్కుల ప్రశ్న కింద చదివించాను. సొంత పనికి వాడటం ఇదే మొదలు. కొంచెం సిగ్గుగా ఉంది.

నిజానికి కామెంటు గానీ స్ట్రింగ్ గానీ క్యారెక్టర్ గానీ అని అన్నీ ఒకే నమూనాలో కలిపి ఇస్తే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ కూడా ఈ పని చేస్తుంది. 1975లో బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్, ఎరిక్ ష్మిట్ చేసిన లెక్స్ కూడా అలాంటి నమూనాలు తీసుకుని స్కానర్ తయారు చేసి ఇచ్చేదే. కానీ ఆ నమూనా ఆరు నెలల తర్వాత చదివితే నాకే అర్థం కాదు. క్యాలెండర్ మీది గుండ్రాలైతే అర్థమవుతాయి.

ఆరుకు ఆరూ వచ్చాయి. పడుకునేసరికి పన్నెండున్నర.

మే 8

ఆరు వచ్చాయని సంబరపడి గుర్తులు ఇరవైకి పెంచితే ఒక ఫైలులో మూడు గల్లంతు. ఈసారి వెతకడానికి గంట పట్టలేదు. స్ట్రింగ్ లోపల బ్యాక్‌స్లాష్ వెనక వచ్చే కోట్ స్ట్రింగ్‌ను ముగించదు, అది నాకు తెలుసు. అందుకని కోట్ కనిపించినప్పుడు ఒక్క అడుగు వెనక్కి చూసి, బ్యాక్‌స్లాష్ ఉంటే వదిలేయమన్నాను. కానీ విండోస్ ఫోల్డర్ పేరు రాసినప్పుడు స్ట్రింగ్ చివర రెండు బ్యాక్‌స్లాష్‌లు ఉంటాయి: "సీ:\\బిల్\\". చివరి కోట్‌కు ముందు బ్యాక్‌స్లాష్ ఉంది నిజమే, కానీ ఆ బ్యాక్‌స్లాష్ దానికి ముందున్న బ్యాక్‌స్లాష్‌కు జత. కోట్‌తో దానికి సంబంధం లేదు. నా స్కానర్ మాత్రం స్ట్రింగ్ ఇంకా అయిపోలేదనుకుని ముందుకు పోయింది.

వెనక్కి చూడటం మానేశాను. బ్యాక్‌స్లాష్ కనిపిస్తే దాన్నీ, దాని తర్వాతి గుర్తునూ కలిపి మింగేసి ముందుకు పోవడమే. రెండు లైన్ల మార్పు, ఇక జతలు వాటంతట అవే కుదిరాయి.

ఇదే చోట ఇంకో చిక్కు: ఒంటి కోట్ల మధ్య డబుల్ కోట్, అంటే '"' అని రాస్తే అది ఒక క్యారెక్టర్. ఐదో స్థితి ఎందుకు, నాలుగు చాలవా అని నిన్న అనుకున్నాను. చాలవు.

మే 10

తెలుగు లిపిలో కామెంట్లు రాస్తే స్కానర్ తికమక పడుతుందేమోనని భయపడ్డాను. ఫైలును అక్షరాలుగా కాక బైట్లుగానే చదువుతున్నాను, ఎందుకంటే రెండు మూడు పాత ఫైళ్లలో ఏ ఎన్‌కోడింగ్‌కూ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతికీ) లొంగని చెత్త బైట్లున్నాయి. తెలుగు అక్షరం బైట్ల మధ్యలో పొరపాటున స్లాషో, కోటో కనిపిస్తే మళ్లీ కథ మొదటికొస్తుంది.

రాదు. నేను వాడే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడేసి బైట్లు, ఆ మూడూ 128 గానీ అంతకు పైన గానీ ఉంటాయి. స్లాషు, నక్షత్రం, కోట్, బ్యాక్‌స్లాష్ అన్నీ 128కి కింద. కాబట్టి నేను వెతికే గుర్తు కనిపించిందంటే అది నిజంగా ఆ గుర్తే. జపాన్ వాళ్ల పాత షిఫ్ట్-జిస్ ఎన్‌కోడింగ్‌లో ఈ హామీ లేదు. అక్కడ కొన్ని అక్షరాల రెండో బైటు అచ్చంగా బ్యాక్‌స్లాష్ విలువే. వాళ్లు ఇలాంటి స్కానర్లు రాయడానికి ఎంత ఏడ్చి ఉంటారో ఊహించగలను.

ఏ మార్పూ చేయకుండానే తెలుగు కామెంట్లు చక్కగా వచ్చాయి. ఈ ప్రాజెక్టులో భయపడి, ఆ భయం వృథా అయిన రోజు ఇదొక్కటే.

మే 11

మొదటి అచ్చు తీసుకుని ఎర్రగుంట్ల బస్సెక్కాను. తాతకు చూపిస్తే కళ్లద్దాలు సర్దుకుని మొదటి పేజీలోనే వేలు పెట్టాడు.

‘ఏంది పాపా ఇది? పొడవు వెడల్పు బై 144 అని ఉండాది. పొడవును వెడల్పుతో ఏం జేయాల? కూడాలనా?’

అంగుళాల్లో కొలిచి చదరపు అడుగులు తీసే లెక్క అది. పొడవును వెడల్పుతో గుణించి 144తో భాగించాలి. అచ్చులో గుణకారం గుర్తు ఏమైంది? బస్సులో తిరిగొస్తూ అర్థమైంది. బ్లాక్ కామెంట్లలో ప్రతి లైను మొదట్లో అందం కోసం ఒక నక్షత్రం పెట్టడం అన్నకు అలవాటు. వాటిని స్కానర్ తీసేస్తుంది. ఈ ఒక్క కామెంటులో మాత్రం అలంకారం లేదు, లెక్క పొడుగై రెండో లైను ‘* వెడల్పు / 144’ అని మొదలైంది. లెక్కలోని నక్షత్రాన్ని అలంకారమనుకుని స్కానర్ చెరిపేసింది.

రూలు మార్చాను: మొదటి లైను తర్వాత అన్ని లైన్లూ నక్షత్రంతో మొదలైతేనే తీసెయ్, ఒక్కటి లేకపోయినా దేన్నీ ముట్టుకోకు. అది కూడా పూర్తి భద్రత కాదు, రెండే లైన్ల కామెంటైతే మళ్లీ మోసపోతుంది. అందుకని నిర్వచనాల్లో గుణకారానికి × అని రాయాలని ఇంకో నియమం పెట్టుకున్నాను. తాతకూ అదే అలవాటు గుర్తు. నక్షత్రమంటే గుణకారమని ఆయనకెందుకు తెలియాలి?

మే 14

ఒకే మాట రెండుసార్లు వచ్చింది. వేస్టేజి ఒకచోట ఒక శాతం, ఇంకోచోట వేరే శాతం. చూస్తే మొదటిది #ఇఫ్ 0 అన్న లైను కింద, అంటే కంపైలర్ చదవకుండా పక్కన పడేసిన పాత కోడ్‌లో ఉంది. అన్నకు దేన్నీ చెరిపే అలవాటు లేదు, పాత పేపర్లు మంచం కింద దాచినట్టు పాత కోడ్‌ను #ఇఫ్ 0 కింద దాస్తాడు. గుర్తులు పెట్టుకుంటూ పోతున్నప్పుడు అది పాతదని నేను గమనించలేదు.

స్కానర్‌కు #ఇఫ్ నేర్పించాలా? #ఇఫ్ 0 ఒక్కటైతే సులువే. ఆ వెనకే #ఎల్స్ వస్తుంది, ఒకదానిలో ఒకటి వస్తుంది, తర్వాత #ఇఫ్‌డెఫ్ వస్తుంది, దానికి ఆ పేరు ఎక్కడ పుట్టిందో తెలియాలి. అట్లా పోతూ ఉంటే సగం కంపైలర్ రాసినట్టే. వద్దు. దాని బదులు ఒక మాటకు రెండు నిర్వచనాలు దొరికితే రెండింటి ఫైలు పేరు, లైను నంబరు చూపించి, పుస్తకం కట్టకుండా ఆగిపొమ్మన్నాను. ఏది పాతదో తేల్చడం మనిషి పని. ఈ నిర్ణయం మీద నాకు గట్టి నమ్మకం.

మే 15

మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు లేదు. ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. మామ పంపిన బేనీషా పండ్లు తింటూ కూర్చున్నాను.

మే 17

రెండు నిర్వచనాలుంటే ఆగాలి కదా, ఆగలేదు. పుస్తకంలో ‘పాలిష్ రేటు’ రెండుసార్లు, ఒకదాని కింద ఒకటి, బుద్ధిగా అచ్చయ్యింది. చూపుకు అచ్చం ఒకటే. బైట్లు లెక్కపెడితే ఒకదానిలో మూడు ఎక్కువ.

ఒక కామెంటు ల్యాప్‌టాప్‌లో కొట్టాను, ఇంకోటి బస్సులో ఫోన్‌లో కొట్టి తర్వాత అతికించాను. ఒక కీబోర్డు ‘ష్’ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని గుర్తును పెట్టింది. పొల్లు హల్లు తర్వాతి హల్లుతో కలిసి ఒత్తు కాకుండా ఆపడం దాని పని. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో అది లేకపోతే అక్షరాలు అతుక్కుపోతాయి. కానీ ఇక్కడ ‘ష్’ తర్వాత ఖాళీ ఉంది, ఆపడానికి ఏమీ లేదు. కనపడదు, పని చేయదు, మూడు బైట్లు మాత్రం తింటుంది.

మాటలను పోల్చేటప్పుడు ఆ గుర్తును తీసి పోల్చుతున్నాను. అచ్చులో మాత్రం ఎట్లా ఉన్నది అట్లాగే. పనిలో పనిగా యూనికోడ్ నార్మలైజేషన్ (ఒకే అక్షరాన్ని రాసే వేరువేరు తీరులను ఒకటి చేయడం) కూడా పెట్టాను, ఎందుకంటే ఐత్వం గుర్తును యూనికోడ్‌లో ఒక ముక్కగానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. నా ఫైళ్లలో రెండు ముక్కలది ఎక్కడా లేదు. అయినా ఒక్క లైనే కదా, పెట్టాను.

మే 19

సాయంత్రం బ్రౌన్ గ్రంథాలయం వైపు వెళ్లాను. సీ.పీ. బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. తర్వాత ఇక్కడ బంగళా కొని, పండితులను పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి సరిచూపించాడు. ఆ బంగళా స్థలంలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి ఈ గ్రంథాలయం నిలబెట్టారు. నిఘంటువులు చూద్దామని పోయిన నాకు ఆ ప్రతులు పోల్చే పనే బుర్రలో తిరిగింది. నా దగ్గర కూడా రెండు ప్రతులున్నాయి: కామెంటు చెప్పే లెక్క ఒకటి, కోడ్ చేసే లెక్క ఒకటి. రెండో దానిని ఎవరైనా మార్చి మొదటిదాన్ని మరిచిపోతే పట్టుకునే పండితుడు ఎవరు?

అర్థం పోల్చడం స్కానర్ వల్ల కాదు. మారిందా లేదా అని మాత్రం చెప్పగలదు. ప్రతి నిర్వచనం తర్వాత, లైను మొదట్లోనే మూసే బ్రాకెట్ } వచ్చేదాకా ఉన్న కోడ్‌ను తీసుకుని, ఖాళీలు తీసేసి, ఎంత రాతనైనా ఒకే పొడవున్న సంఖ్యగా కుదించే ఎస్‌హెచ్‌ఏ-256తో ఒక వేలిముద్ర తీసి చిట్టా ఫైలులో రాసుకుంటుంది. మళ్లీ నడిపినప్పుడు వేలిముద్ర మారి నిర్వచనం మారకపోతే, ‘ఈ మాటను ఒకసారి చూడండి’ అంటుంది. కామెంటేదో కోడేదో స్కానర్‌కు ముందే తెలుసు కాబట్టి కామెంట్లు లేని కోడ్ నాకు ఉచితంగా దొరికింది. అన్న ఫంక్షన్ మూసే బ్రాకెట్‌ను ఎప్పుడూ లైను మొదట్లోనే పెట్టాడు కాబట్టి ఈ చవక పద్ధతి నడుస్తోంది, లేకపోతే బ్రాకెట్లు లెక్కపెట్టాల్సి వచ్చేది.

మే 22

ఈ రోజు గురించి కొంచెం ఎక్కువ రాయాలి.

అచ్చులో కొన్ని నిర్వచనాలకు లైనుకూ లైనుకూ మధ్య అనవసరమైన ఖాళీ వస్తోంది. కారణం పాతదే: విండోస్‌లో రాసిన ఫైళ్లలో లైను చివర రెండు గుర్తులుంటాయి, లినక్స్‌లో నేను ముట్టుకున్న వాటిలో ఒకటే. బైట్లుగా చదువుతున్నాను కాబట్టి పైథాన్ దాన్ని సర్దదు. చదవగానే రెండింటినీ ఒకటి చేసే లైను పెట్టాను. ఖాళీలు పోయాయి. కానీ ‘హమాలీ’ అన్న మాట అర్థం, నిన్నటిదాకా శుభ్రంగా ఉన్నది, ఇవాళ చివర్లో తోక తగిలించుకుంది. తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది:

‘...రేట్లు ఇక్కడ: సీ:\బిల్\రేట్స్    హమాలీ = 0;’

కామెంటులోకి కోడ్ వచ్చేసింది! ఖాళీలు సర్దబోయి స్కానర్‌ను చెడగొట్టానని తిట్టుకుంటూ మార్పు వెనక్కి తీశాను. తోక పోయింది. మళ్లీ పెట్టాను. తోక వచ్చింది. రెండు గంటలు స్కానర్‌నే అనుమానించాను.

అసలు ఫైలు తెరిస్తే అన్న // కామెంటు చివరి లైను ఫోల్డర్ పేరుతో ముగుస్తోంది, ఆ పేరు చివర ఒక బ్యాక్‌స్లాష్. కింది లైను హమాలీని సున్నా చేసే కోడ్.

సీ ప్రమాణంలో ఫైలు చదివే పని దశలు దశలుగా జరుగుతుంది. లైను చివర బ్యాక్‌స్లాష్ ఉంటే దాన్ని కింది లైనుతో అతికించడం రెండో దశ. కామెంట్లను గుర్తించడం మూడో దశ. అంటే ఇది కామెంటా కాదా అని చూసేలోపే రెండు లైన్లూ ఒకటైపోతాయి. కామెంటు చివర బ్యాక్‌స్లాష్ పెడితే కింది లైను కూడా కామెంటే. నా స్కానర్‌లో తర్వాతి గుర్తు అడిగే ఫంక్షన్ ఒక్కటే ఉంది, అతుకు అక్కడే వేస్తాను, లైను లెక్క తప్పకుండా. ఇన్నాళ్లూ బ్యాక్‌స్లాష్‌కూ లైను చివరకూ మధ్య విండోస్ గుర్తు అడ్డం ఉండటంతో స్కానర్ అతుకు వేయలేదు. ఇవాళ అడ్డం తీయగానే కంపైలర్ చూసినట్టే చూసింది.

స్కానర్ చెడలేదు. తప్పు కోడ్‌లో ఉంది. ‘హమాలీ = 0’ అన్న లైను పద్నాలుగేళ్లుగా ఒక్కసారి కూడా నడవలేదు.

ఒళ్లు జల్లుమంది. అన్ని హెచ్చరికలూ చూపించమని చెప్పి జీసీసీ అనే కంపైలర్‌తో కంపైల్ చేస్తే అదే లైను దగ్గర ‘బహుళ లైన్ల కామెంటు’ అని చెబుతోంది, మిగతా నూట ఎనభై హెచ్చరికల మధ్య. అన్న ఆ రోజుల్లో హెచ్చరికలు ఆన్ చేసి ఉండడు. ఎవరు చేస్తారు?

మరి ఇన్నేళ్లూ బిల్లులు తప్పు పడలేదా? కోడ్ వెంట వెళ్లాను. కొత్త బిల్లు తెరిచినప్పుడల్లా రికార్డు మొత్తం సున్నా అవుతుంది, అందుకే మామూలుగా ఏమీ కాదు. ఒక బిల్లు రద్దు చేసి వెంటనే ‘మళ్లీ రాయి’ అంటే మాత్రం ఆ దారి వేరే, అక్కడ సున్నా చేయాల్సింది ఈ ఒక్క లైనే. అది నడవదు కాబట్టి రద్దైన బిల్లు హమాలీ కొత్త బిల్లులో కలుస్తుంది.

అన్నకు ఫోన్ చేశాను. ఎండల గురించి అడగలేదు. ‘ఆ బ్యాక్‌స్లాష్ నాదేనా?’ అన్నాడు.

మే 23

టెన్షన్‌గానే ఫ్యాక్టరీకి వెళ్లాను. ఎంతమంది దగ్గర ఎక్కువ వసూలు చేశామో, మామకు ఎట్లా చెప్పాలో అని. ముందు తాతను అడిగాను, బిల్లు రద్దు చేస్తే హమాలీ ఎప్పుడైనా తేడాగా వచ్చిందా అని.

‘వస్తాది పాపా, ఎందుకు రాదు. మొదటి ఏడాదే చూసినా. అందుకే బిల్లు క్యాన్సిల్ చేస్తే ప్రోగ్రాం మూసి మళ్లా తెరుస్తా. ఇది మొండిది, ఒకసారి మూసి తెరిస్తే గానీ మాట వినదు.’

‘మరి అన్నకు చెప్పలేదా తాతా?’

‘చదువుకునే పిల్లోడు. చిన్న దానికి ఎందుకులే అని.’

పాత బిల్లుల్లో రద్దైన వాటిని ఫైలులో వెతికి, వాటి తర్వాతి బిల్లుల హమాలీ లెక్క చూశాను. ఒక్కటి కూడా తేడా లేదు.

కామెంటు చివర బ్యాక్‌స్లాష్ తీసేసి, కంపైల్ చేసి, రద్దు చేసి మళ్లీ రాసి చూశాను. సున్నా అవుతోంది. తర్వాత స్కానర్ నడిపితే కొత్త వేలిముద్ర పద్ధతి మొట్టమొదటి కేక వేసింది: ‘హమాలీ: కోడ్ మారింది, ఒకసారి చూడండి.’ నిర్వచనం చదివాను. కామెంటు ముందు నుంచీ సరిగానే చెబుతోంది, కోడ్ ఇప్పుడు దాని మాట విన్నది. సరేనని చిట్టాలో కొత్త వేలిముద్ర రాయించాను.

// కామెంటు చివర బ్యాక్‌స్లాష్ కనిపిస్తే స్కానర్ ఇక నుంచి పేరు పెట్టి చెబుతుంది. మొత్తం కోడ్‌లో ఇంకోటి దొరికింది, అదృష్టం కొద్దీ దాని కింద ఖాళీ లైను.

మే 30

రోహిణి ఎండలు, రోళ్లు పగులుతాయంటారు, ఇక్కడ బండలు కూడా పగిలేలా ఉన్నాయి. పొద్దున్నే ఆరింటి బస్సుకు పోయి పుస్తకం ఇచ్చి వచ్చాను. 43 మాటలు, 19 పేజీలు, స్పైరల్ బైండింగ్. ప్రతి అర్థం కింద చిన్న అక్షరాల్లో ఫైలు పేరు, లైను నంబరు. స్కానర్ మొత్తం 140 లైన్లకు ఆగింది, మాటలు వరుసలో పేర్చి అచ్చుకు ఇచ్చే భాగంతో కలిపి. మామ వేస్టేజి పేజీ తెరిచి, మేస్త్రీ వస్తే చూపించాలని మూల మడిచి పెట్టుకున్నాడు.

తాత పుస్తకం చివరి ఖాళీ పేజీ మీద అప్పటికే నీలం పెన్నుతో ఏదో రాస్తున్నాడు. పక్కకు వెళ్లి చూశాను. ‘బిల్లు క్యాన్సిల్: చేసినాక ప్రోగ్రాం మూసి తెరవవలెను.’ మాట, కోలన్, అర్థం. నా పద్ధతిలోనే.

‘ఇప్పుడు అక్కర్లేదు తాతా, సరి చేసేసినా’ అన్నాను.

‘చేసినావులే, చూసినా కదా’ అన్నాడు. అంతలో లోడు కోసం వచ్చిన డ్రైవర్ ఒకాయన సైజు తప్పు పడిందన్నాడు. తాత బిల్లు రద్దు చేశాడు, ప్రోగ్రాం మూశాడు, మళ్లీ తెరిచాడు.